చలికాలపు సెలవుల్లో చంటిబిడ్డతో బంధువుల దగ్గరికి: వెళ్లాలా, రమ్మనాలా, ఆగాలా?

చలికాలపు సెలవులు దగ్గరపడే కొద్దీ, ఏడాది నిండని బిడ్డ ఉన్న ఇంట్లో ఒకే ప్రశ్న రోజుకో రూపంలో వినిపిస్తుంది. బిడ్డను ఎప్పుడు తీసుకొస్తారని అటు పెద్దవాళ్లు అడుగుతుంటారు, ఇంత చలిలో అంత పసిబిడ్డతో ప్రయాణమా అని ఇటు తల్లిదండ్రులు తటపటాయిస్తుంటారు. చాలా కుటుంబాల్లో ఈ చర్చ కారులో వెళ్లాలా, రైల్లోనా, ఏ తేదీకి టికెట్లు దొరుకుతాయి అన్నచోట మొదలై అక్కడే ముగిసిపోతుంది. నిజానికి ప్రయాణం కొన్ని గంటల వ్యవహారం. దాని ఇబ్బందులు ముందే తెలిసినవి, వాటికి ఉపాయాలూ ఉన్నాయి. బిడ్డకు జలుబు అంటుకోవడం, నిద్ర చెడటం, చలి తగలడం లేదా ఉక్కపోయడం, తల్లి అలసిపోవడం వంటివి ఎక్కువగా చేరుకున్న తరువాత, అక్కడ గడిపే రాత్రుల్లో ఎదురవుతాయి. అందువల్ల మార్గాలను పోల్చేటప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే: బిడ్డ రాత్రి ఏ గదిలో, దేనిమీద, ఎవరి మధ్య పడుకుంటుంది? దీనికి తృప్తికరమైన సమాధానం దొరికిన ఏర్పాటే మంచి ఏర్పాటు. వాహనం, తేదీ, ఎన్నాళ్లు ఉండాలన్నది దాని వెంట తేలిపోతాయి.

మన ముందున్న మార్గాలు నాలుగు. బంధువుల ఇంటికి వెళ్లి అక్కడే ఉండటం, ఆ ఊరికే వెళ్లి వేరే బసలో ఉండటం, బంధువులనే మన ఇంటికి రమ్మనడం, ఇప్పటికి ఆగి చలి తగ్గాక కలవడం. వీటిలో ఏది మేలో చెప్పే ముందు బిడ్డ వయసు చూడాలి, ఎందుకంటే రెండు నెలల బిడ్డ విషయంలో సరైన నిర్ణయం తొమ్మిది నెలల బిడ్డ విషయంలో అతిజాగ్రత్త కావచ్చు.

ముందు బిడ్డ వయసు

మూడు నెలలు నిండని బిడ్డకు చలిని తట్టుకునే శక్తి తక్కువ. పెద్దవాళ్లకు చలేస్తే వణుకు పుట్టి ఒంట్లో వేడి పుడుతుంది. పసిబిడ్డలకు ఆ వణుకు సరిగా రాదు. మెడ వెనుక, భుజాల మధ్య ఉండే ఒక ప్రత్యేకమైన కొవ్వును కరిగించుకుని వేడి పుట్టించుకుంటారు. బరువుతో పోలిస్తే వాళ్ల ఒంటి చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందులో తల వాటా మరీ ఎక్కువ కాబట్టి వేడి త్వరగా పోతుంది. పైగా ఈ వయసులో 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చిందంటే ఇంట్లో మందు వేసి చూద్దామనుకోకూడదు, వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. తెలియని ఊరిలో, సెలవు రోజున, అర్ధరాత్రి ఆ పని ఎంత కష్టమో ఊహించుకుంటే చాలు. పుట్టగానే వేసేవి పోను, తొలి విడత టీకాలు దేశాన్ని బట్టి 6 వారాలకో 2 నెలలకో మొదలవుతాయి కనుక, అంతకన్నా చిన్న బిడ్డకు తల్లి నుంచి వచ్చిన రక్షణ తప్ప సొంత రక్షణ దాదాపు లేనట్టే. ఈ వయసు బిడ్డ ఉన్నవాళ్లకు నా సలహా సూటిగా చెబుతాను: మీరు వెళ్లకండి, రెండు నెలలు దాటాక దగ్గరివాళ్లను ఒకరిద్దరిని చొప్పున రమ్మనండి.

మూడు నుంచి ఆరు నెలల మధ్య వయసు చాలామంది అనుకునేదానికన్నా ప్రయాణానికి అనుకూలమైనది. బిడ్డకు పాలు తప్ప ఇంకేమీ అక్కర్లేదు, పాకదు, హీటరు దగ్గరికి పోదు, కొత్త ముఖాలను చూసి పెద్దగా బెదరదు. అయితే పసిపిల్లలకు ఊపిరితిత్తుల్లోని సన్నని నాళాలు వాచి శ్వాస కష్టమయ్యే జబ్బు తెచ్చిపెట్టే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ ఈ వయసు వాళ్లను కూడా గట్టిగానే పట్టుకుంటుంది, పెద్దవాళ్లలో మామూలు జలుబుగా కనిపించి పోయేది కూడా అదే. కాబట్టి ఇక్కడ ప్రయాణం కన్నా జనమే అసలు సమస్య.

ఆరు నెలలు దాటాక లెక్క మళ్లీ మారుతుంది. ఫ్లూ టీకా ఈ వయసు నుంచే వేయించవచ్చు, కానీ మొదటి ఏడాది కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు అవసరం, చివరి మోతాదు తరువాత రక్షణ ఏర్పడటానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. అంటే సెలవులకు ఆరు వారాల ముందే ఆ పని మొదలుపెట్టాలి. ఎనిమిది తొమ్మిది నెలల ప్రాంతంలో కొత్తవాళ్లంటే భయం ముదురుతుంది. ఎంతో ప్రేమగా చేతులు చాచిన నాయనమ్మను చూసి బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే అది అవమానమూ కాదు, పెంపకంలో లోపమూ కాదని రెండు పక్షాలకూ ముందే తెలిసి ఉండటం మంచిది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో వయసును పుట్టిన రోజు నుంచి కాక, ప్రసవం కావలసిన తేదీ నుంచి లెక్కించి నిర్ణయం తీసుకోవాలి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్న బిడ్డల విషయంలో వైద్యుని మాటే ఆఖరు.

బంధువుల ఇంట్లోనే ఉండటం

ఎక్కువమంది కోరుకునేది ఈ మార్గాన్నే, అందులో న్యాయమూ ఉంది. బిడ్డను ఎత్తుకోవడానికి నలుగురు ఉంటారు, తల్లికి పగలు ఓ గంట కునుకు దొరుకుతుంది, తాతయ్యకు బిడ్డ తెల్లవారి నవ్వు చూసే భాగ్యం ఉంటుంది. రోజుకు రెండు గంటలు చుట్టపుచూపుగా వచ్చిపోయే బంధానికీ, ఒకే కప్పు కింద గడిపిన బంధానికీ తేడా ఉంటుంది. దీనికి ఎదురుగా నిలిచేవి రాత్రులే.

మొదట పడక సంగతి. బిడ్డ వెల్లకిలా, గట్టిగా, చదునుగా ఉన్న పరుపు మీద, పక్కన దిండ్లు, వదులు దుప్పట్లు, బొమ్మలు లేకుండా పడుకోవాలన్నది శిశువైద్యులందరూ చెప్పే మాట. తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పడక మీద, కనీసం తొలి ఆరు నెలలు పడుకోబెట్టాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సిఫారసు చేస్తోంది. బంధువుల ఇంట్లో దీన్ని సాధించడం కష్టం, ఎందుకంటే గదులు చాలక అందరూ సర్దుకుంటారు, మెత్తటి అతిథి పరుపు మీద పెద్దవాళ్ల మధ్య బిడ్డను పడుకోబెడతారు, లేదా ఎవరో సోఫాలో బిడ్డను గుండెల మీద వేసుకుని అలాగే నిద్రపోతారు. ఈ చివరిది అన్నిటికన్నా ప్రమాదకరం. మడిచి తీసుకెళ్లగలిగే చిన్న మంచం ఒకటి మనతో ఉంటే సగం చిక్కు తీరుతుంది. సామాను తగ్గించుకోవాలనిపిస్తే బట్టలు తగ్గించండి, దీన్ని కాదు.

పెద్దవాళ్లు ఈ విషయంలో వాదిస్తే దానికి కారణం మొండితనం కాకపోవచ్చు. వాళ్లు పిల్లలను పెంచిన రోజుల్లో బోర్లా పడుకోబెట్టమని చెప్పిన వైద్యులు చాలామంది ఉండేవారు. పసిబిడ్డల ఆకస్మిక నిద్ర మరణాలకూ బోర్లా పడకకూ సంబంధం ఉందని తేలాక బ్రిటన్ 1991లో, అమెరికా 1994లో వెల్లకిలా పడుకోబెట్టాలని ప్రచారం చేపట్టాయి. ఆ తరువాతి ఏళ్లలో అటువంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. మీ పద్ధతి తప్పు అనడం కన్నా, మీ తరువాత సలహా మారింది అని చెప్పి ఈ సంగతి వివరిస్తే వినేవాళ్లు ఎక్కువ.

రెండోది వేడి. చలికాలంలో బిడ్డకు చలి తగులుతుందేమోనన్న భయం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, కానీ బంధువులు నిండిన ఇంట్లో బిడ్డకు ఉక్కపోయడమే ఎక్కువగా చూస్తాం. ఒకరు స్వెటర్ వేస్తారు, ఇంకొకరు టోపీ పెడతారు, మరొకరు శాలువా చుడతారు, ఇంకెవరో హీటరు పెంచుతారు. బిడ్డ పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలని బ్రిటన్‌లో తల్లిదండ్రులకు సలహా ఇస్తారు. మనకు హాయిగా అనిపించే గదిలో మనం వేసుకున్నదానికన్నా ఒక పొర ఎక్కువ వేస్తే బిడ్డకు సరిపోతుంది. చేతులు, కాళ్లు చల్లగా ఉండటం పసిబిడ్డలకు మామూలే కాబట్టి వాటిని పట్టుకుని చూసి నిర్ణయించకూడదు. ఛాతీ మీద గాని, మెడ వెనుక గాని చెయ్యి పెట్టి చూడాలి. అక్కడ చెమట తగిలితే ఒక పొర తీసెయ్యాలి. ఇంట్లో నిద్రపోయే బిడ్డ తలకు టోపీ అక్కర్లేదు. దుప్పటికి బదులు, చేతులు బయటికి వచ్చేలా కుట్టిన నిద్రసంచి వాడితే అర్ధరాత్రి దుప్పటి ముఖం మీదికి జరుగుతుందన్న దిగులు ఉండదు.

ఆ ఇంట్లో గదిని ఎలా వేడి చేస్తారో బయలుదేరే ముందే అడిగి తెలుసుకోవాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి గాని, పొగ బయటికి పోయే దారి లేని గ్యాస్ లేదా కిరోసిన్ హీటరు గాని రాత్రంతా పెడితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసే అవకాశం లేదు. అలాంటి ఏర్పాటు తప్ప వేరేది లేని ఇంట్లో బిడ్డతో రాత్రి ఉండకపోవడమే మంచిది, దీనిలో మొహమాటానికి తావు లేదు. విద్యుత్ హీటరయితే పడకకూ, తెరలకూ కనీసం ఒక మీటరు దూరంలో పెట్టి, గది వెచ్చబడ్డాక ఆపేస్తే సరిపోతుంది. ఇంట్లో పొగతాగే అలవాటున్నవాళ్లు ఉంటే వాళ్లు వేరే గదిలో తాగినా లాభం లేదు, ఇంటి బయట తాగాలి.

మూడోది మనుషులు. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలు ఎంతమంది ఉన్నారన్నది ఇంటి విస్తీర్ణం కన్నా ముఖ్యమైన వివరం. చలికాలంలో జలుబు, ఫ్లూ, దగ్గు ఇంటికి తెచ్చేది చాలావరకు వాళ్లే, బిడ్డను ముద్దు చేయడానికి అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చేదీ వాళ్లే. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో నాలుగు రాత్రులు ఉండటం, విడిగా ఒక గది దొరికే ఇంట్లో నాలుగు రాత్రులు ఉండటం ఒకటి కావు.

ఈ మూడింటిలో రెండు కుదిరితే బంధువుల ఇంట్లోనే ఉండమంటాను. విడి గది, బిడ్డకు సొంత పడక దొరికి, జనం మాత్రం ఎక్కువగా ఉంటే పగటి పూట జాగ్రత్తలతో నెట్టుకురావచ్చు. విడి గది లేకపోతే మాత్రం మిగతావన్నీ ఎంత బాగున్నా రెండు రాత్రులకు మించకపోవడం మేలు.

వేరే బస

దగ్గరలో అద్దె ఇల్లో, హోటల్ గదో తీసుకుని పగలు బంధువుల ఇంటికి వెళ్లి రావడం రెండో మార్గం. రాత్రి సమస్యలు దాదాపు అన్నీ దీంతో తీరిపోతాయి. గది వేడి మన చేతిలో ఉంటుంది, బిడ్డ ఏడిస్తే ఇల్లంతా మేలుకుంటుందన్న బెరుకు ఉండదు, సాయంత్రం చీకటి పడకముందే బయటపడటానికి ఒక సాకు కూడా దొరుకుతుంది. ఖర్చు సంగతి అలా ఉంచితే దీనిలో ఇబ్బందులు రెండు. ఒకటి, రోజుకు రెండుసార్లు బిడ్డను చలిలో బయటికి తీయాలి. బస నడిచి వెళ్లేంత దూరంలో గాని, వాహనంలో పది నిమిషాల్లో చేరేంత దూరంలో గాని లేకపోతే ఈ మార్గం అర్థం లేనిది. రెండోది మనసులకు సంబంధించినది. సొంత ఇల్లు ఉండగా హోటల్లో దిగారన్న మాట కొన్ని కుటుంబాల్లో ఏళ్ల తరబడి గుర్తుంటుంది. బిడ్డ రాత్రి మూడుసార్లు లేస్తుంది, మీ నిద్ర పాడుచేయడం మాకు ఇష్టం లేదు అని ముందుగా, ఫోన్లో, ఇంటి పెద్దకే నేరుగా చెబితే చాలావరకు సర్దుకుంటుంది. చేరుకున్నాక గుమ్మంలో చెబితే సర్దుకోదు.

గది తీసుకునేటప్పుడు బిడ్డ మంచం ఇస్తారా, ఆ మంచానికి పరుపు సరిగ్గా సరిపోతుందా, పాలు నిలవచేయడానికి ఫ్రిజ్ ఉందా, హీటరు రాత్రంతా పనిచేస్తుందా అని అడగాలి. ఇంటి ఫొటోలు చూసి మురిసిపోయి ఈ నాలుగూ అడగడం మరచిపోయేవాళ్లే ఎక్కువ.

బంధువులనే రమ్మనడం

బిడ్డ కోణం నుంచి చూస్తే అన్నిటికన్నా మేలైనది ఇదే: తన పడక, తన గది, అలవాటైన వెలుతురు, రోజూ చూపించే వైద్యుడు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. పెద్దవాళ్ల కోణం నుంచి చూస్తే ఇది బరువైనది. ప్రసవమై కొద్ది నెలలైన తల్లి వచ్చినవాళ్లకు వండి వడ్డించే స్థితిలో ఉండదు. ఆ భారం ఎవరు మోస్తారో తేలకుండా ఆహ్వానం పంపితే, బిడ్డను కాపాడబోయి తల్లిని అలసటకు అప్పగించినట్టే అవుతుంది. వచ్చేవాళ్లు వంట తాము చూసుకునే మనుషులైతే, లేదా వేరే బసలో ఉండి పగలు వచ్చిపోయేవాళ్లయితే ఈ మార్గానికి తిరుగులేదు. అందరినీ ఒకేసారి పిలవకుండా, ఒక వారం అమ్మమ్మ, తాతయ్య, మరో వారం నాయనమ్మ అన్నట్టు విడతలుగా పిలిస్తే అంటువ్యాధుల భయమూ తగ్గుతుంది, ఒక్కొక్కరికి బిడ్డతో గడిపే సమయమూ ఎక్కువ దొరుకుతుంది. ముసలితనం వల్ల, జబ్బు వల్ల ప్రయాణం చేయలేని పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి మాత్రం ఇది పనికిరాదు. అటువంటివాళ్లను చూడటానికే అయితే వెళ్లడానికి నేను ఓటు వేస్తాను, కానీ పండుగ రద్దీలో కాదు.

ఆగడం గురించి ఎక్కువగా చెప్పేది లేదు. రెండు నెలల లోపు బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, ఇటీవలే ఆసుపత్రి నుంచి వచ్చిన బిడ్డ ఉంటే ఆగడమే నిర్ణయం. ఇతరుల విషయంలో ఇది అనవసరంగా వాడే మార్గమని నా అభిప్రాయం. చాలాసార్లు అక్కర్లేనిది కలుసుకోవడం కాదు, అందరూ ఒకేచోట చేరే ఆ ఒక్క రోజున కలుసుకోవడం.

తేదీ ఎంపిక

సెలవు నాడే వెళ్లాలా, ఓ వారం ముందో వెనుకో వెళ్లాలా అన్నది పైకి చిన్నదిగా కనిపిస్తుంది గాని, వెళ్లాలా వద్దా అన్నదానికన్నా ఎక్కువ తేడా చూపేది ఇదే కావచ్చు. ఫ్లూ సోకినవాళ్లు లక్షణాలు బయటపడటానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటించగలరు. అందుకే ఎవరూ దగ్గడం లేదు కదా అని చుట్టూ చూసుకోవడం పూర్తి భద్రత కాదు. ఇరవై మంది చేరిన ఇంట్లో వాళ్లలో ఒకరు ఆ ముందు రోజులో ఉండే అవకాశం నలుగురున్న ఇంట్లో కన్నా ఎంతో ఎక్కువ. జనం వెళ్లిపోయిన నాలుగైదు రోజులకు వెళితే అక్కడే జబ్బు అంటుకున్నవాళ్లలో చాలామందికి అప్పటికి బయటపడి ఉంటుంది, ఇంటివాళ్లకు తీరికా ఉంటుంది, టికెట్లూ సులువుగా దొరుకుతాయి. ఆ రోజు సందడి మాత్రం తప్పిపోతుంది. బిడ్డకు అది ఎలాగూ గుర్తుండదు, మనకు లోటుగా అనిపిస్తుందనేది నిజం.

తేదీని టీకాలతో కలిపి చూడాలి. బిడ్డ తొలి విడత టీకాలు పూర్తయిన తరువాతి వారాలను ఎంచుకోవడం మంచిది. బిడ్డను దగ్గరగా చూసుకోబోయే పెద్దవాళ్లు ఫ్లూ టీకా, కోరింత దగ్గు టీకా వేయించుకోదలిస్తే కలవడానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. కోరింత దగ్గు పెద్దవాళ్లలో వదలని దగ్గుగా మాత్రమే ఉండి, చిన్న పసిబిడ్డల్లో దగ్గు కూడా లేకుండా శ్వాస ఆగిపోయేలా చేయగలదు కాబట్టి, వారాల తరబడి దగ్గుతున్న బంధువు ఉన్న ఇంటికి తొలి నెలల్లో వెళ్లకూడదు.

ఏ వాహనం

నాలుగైదు గంటల లోపు దూరమైతే కారుకు మించినది లేదు, ఎందుకంటే ఎక్కడ ఆగాలో, లోపల ఎంత వేడి ఉండాలో, పక్కన ఎవరు కూర్చోవాలో మన చేతిలో ఉంటుంది. కానీ చలికాలంలో కారులో చేసే ఒక పొరపాటు తెలిసి ఉండాలి. ఉబ్బెత్తు కోటు వేసిన బిడ్డను కారు సీటులో కూర్చోబెట్టి బెల్టు బిగిస్తే అది బిగిసినట్టు కనిపిస్తుంది, కానీ ప్రమాదంలో ఆ కోటు అణిగిపోయి బెల్టు వదులైపోతుంది, బిడ్డ జారిపోవచ్చు. పల్చటి పొరలు వేసి, బెల్టు బిగించి, దుప్పటిని బెల్టు పైనుంచి కప్పాలి; భుజం దగ్గర బెల్టును వేళ్లతో పట్టి మడత తీయగలిగితే అది వదులుగా ఉన్నట్టే. సీటు వెనక్కు తిరిగి ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీటులో పెట్టకూడదు. రెండు గంటలకోసారి ఆగి బిడ్డను బయటికి తీసి పాలు పట్టాలి, మరీ చిన్న బిడ్డయితే ఇంకా ముందే. గమ్యం చేరాక నిద్రపోతోంది కదా అని ఆ సీటులోనే వదిలేయకూడదు, మెడ ముందుకు వాలి శ్వాసకు అడ్డుపడుతుంది.

అంతకన్నా దూరానికి రైలు, విమానాల మధ్య పోలిక వస్తుంది. రైలులో కాళ్లు చాపుకోవడానికీ, బిడ్డను ఎత్తుకుని తిరగడానికీ వీలుంటుంది, కానీ గంటల తరబడి కొత్తవాళ్ల మధ్య ఉండాలి. విమానంలో ఆ సమయం తగ్గుతుంది, అయితే విమానాశ్రయాల్లో గడిపే సమయం కలుపుకుంటే తేడా అనుకున్నంత ఉండదు. విమానం లోపలి గాలి ఒత్తిడి దాదాపు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టుగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు దానితో ఇబ్బంది లేదు, ఊపిరితిత్తుల సమస్య ఉన్న బిడ్డకు ఉండవచ్చు. పైకి లేచేటప్పుడూ, ముఖ్యంగా కిందికి దిగేటప్పుడూ పాలు పడితే చెవులు పట్టేయడం తగ్గుతుంది. ముక్కు దిబ్బడ వేసి ఉన్న బిడ్డతో విమానం ఎక్కడం కన్నా టికెట్టు మార్చుకోవడం నయం. తేదీ మార్చుకునే వీలున్న టికెట్టుకు కాస్త ఎక్కువ చెల్లించడం ఈ ఒక్క కాలంలో దుబారా కాదు.

పాలు తీసుకెళ్లే లెక్కలు క్లుప్తంగా: పిండిన తల్లిపాలు మామూలు గది వేడిలో నాలుగు గంటలు, ఐసు ప్యాకులున్న పెట్టెలో ఒక రోజు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. డబ్బాపాలను కనీసం 70 డిగ్రీల వేడి నీటితో కలిపి చల్లార్చి, రెండు గంటల్లోపు వాడాలి, బిడ్డ వదిలేసిన పాలు పారబోయాలి. తల్లి నేరుగా పాలిస్తుంటే ఈ గొడవ లేదు, ఆమెకు ఆ ఇంట్లో ఎవరూ తలుపు తోసుకుని రాని ఒక మూల దొరికితే చాలు.

బంధువులతో మాట

ఏ మార్గం ఎంచుకున్నా కొన్ని మాటలు ముందే చెప్పాలి. చేతులు సబ్బుతో కడుక్కుని ఎత్తుకోవడం, ముఖం మీద, చేతుల మీద ముద్దు పెట్టకపోవడం, జలుబుగా ఉన్నవాళ్లు దూరంగా ఉండటం, పెదవి మీద నీటి పొక్కు (హెర్పిస్) ఉన్నవాళ్లు అసలు దగ్గరికి రాకపోవడం. ఇవి చెప్పడానికి సరైన మనిషి, ఆ ఇంటి వైపు వ్యక్తే: తల్లి తన పుట్టింటివాళ్లకూ, తండ్రి తన తల్లిదండ్రులకూ చెప్పుకోవాలి. కోడలు చెబితే ఆంక్షలా వినిపించే మాట కొడుకు చెబితే జాగ్రత్తలా వినిపిస్తుంది. ఇది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ముద్దు వద్దన్నప్పుడు దానికి బదులు ఏది చేయవచ్చో కూడా చెబితే మనసు నొచ్చుకోదు: పాదాలు నిమరడం, స్నానం తరువాత ఒళ్లు తుడవడం, పగటి నిద్రకు జోకొట్టడం వంటివి. ఏడాది నిండని బిడ్డ నాలుకకు తేనె తగలనివ్వకూడదన్నది కూడా ఈ జాబితాలో చేర్చండి. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు పసిబిడ్డ పేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబడేలా చేసే విషాన్ని తయారుచేయగలవు.

ఆఖరి నిమిషంలో

బయలుదేరే ముందు రోజున రెండు ఫోన్లు చేయండి. ఒకటి వెళ్లబోయే ఇంటికి, అక్కడ ఎవరికైనా జ్వరం, దగ్గు, వాంతులు ఉన్నాయా అని. ఉంటే రద్దు చేసుకోవడానికి వెనుకాడవద్దు, ఈ మాట అనుకుని ఉన్నామని వాళ్లకు వారం ముందే చెప్పి ఉంచితే ఎవరూ తప్పుపట్టరు. రెండోది ఆ ఊళ్లో సెలవు రోజుల్లోనూ తెరిచి ఉండే పిల్లల ఆసుపత్రి ఏదో తెలిసిన మనిషికి. ఈ రెండో ఫోనుకు సరైన సమాధానం దొరకని ఊరికి ఆరు నెలల లోపు బిడ్డను తీసుకెళ్లకపోవడమే నా లెక్కలో సబబు.

తిరిగి వచ్చాక కూడా కొన్నాళ్లు కనిపెట్టి ఉండాలి. ఫ్లూ సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో, ఆర్‌ఎస్‌వీ రెండు నుంచి ఎనిమిది రోజుల్లో బయటపడతాయి కనుక, ఆ వారం పది రోజులు ఇంకో ఇంటి పసిబిడ్డను చూడటానికి వెళ్లకుండా ఉండటం మర్యాద. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు వేసి, పాలు తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పట్టి చూడవచ్చు. కానీ డొక్కలు ఎగరేస్తూ శ్వాస తీస్తున్నా, పెదాలు నీలంగా మారినా, మామూలుగా తాగే పాలలో సగం కూడా తాగకపోయినా, డైపర్ చాలాసేపు తడవకపోయినా, లేపినా సరిగా లేవకపోయినా, బంధువులందరికీ ఫోను చేసి సలహాలు అడుగుతూ తెల్లవారేదాకా చూడకూడదు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.